కారులో కంపెనీ స్టీరియో వైర్లు గుర్తుపట్టడం ఎలా: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త స్టీరియో చేతికొచ్చింది, పాతది ఊడదీశారు, వెనక పదిహేనో ఇరవయ్యో వైర్లు జడలా వేలాడుతున్నాయి, ఏది దేనికో తెలియదు. ఆ సమయం కోసం రాసిన పేజీ ఇది. పాతది ఊడదీయకముందే చదివితే మాత్రం ఇంకా మంచిది, ఎందుకంటే పనిచేస్తున్న పాత సెట్టుని మించిన వైరింగ్ డయాగ్రం ఇంకోటి లేదు. దాన్ని పీకి పక్కన పడేశాకే చాలామందికి ఆ సంగతి గుర్తొస్తుంది.

రంగు చూసి రంగుకి కలిపేస్తే సరిపోదా?

సరిపోదు. ఈ పనిలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి. విడిగా కొనే స్టీరియోల వెనకుండే వైర్లకి ఒక అలవాటైన రంగుల పద్ధతి ఉంది, చాలా కంపెనీలు దాన్నే పాటిస్తాయి. కారు తయారుచేసినవాళ్ళకి మాత్రం ఆ పద్ధతితో సంబంధం లేదు, వాళ్ళ రంగులు వాళ్ళవి. ఒక ఉదాహరణ చెప్తాను. కొత్త స్టీరియోలో నల్ల వైరు అంటే ఎర్త్. చాలా టొయోటా కార్లలో ఎర్త్ గోధుమ రంగు, నల్ల వైరేమో వెనక ఎడమ స్పీకర్ ప్లస్. నలుపుని నలుపుకి కలిపారనుకోండి, స్టీరియోకి ఎర్త్ స్పీకర్ గుండా వెళ్తుంది, అంటే ఎర్త్ లేనట్టే. జర్మన్ కార్లది ఇంకో తీరు. అక్కడా ఎర్త్ గోధుమే, ఎరుపేమో ఎప్పుడూ కరెంటు ఉండే వైరు. కొత్త స్టీరియోలో ఎరుపు అంటే తాళం తిప్పితేనే కరెంటు రావాల్సిన వైరు. ఎరుపుకి ఎరుపు కలిపితే కారు ఆపి ఇంటికెళ్ళినా స్టీరియో తాళం ఆన్‌లోనే ఉందనుకుంటుంది.

రంగు ఒక ఊహ ఇస్తుంది, అంతే. ఆ ఊహ నిజమో కాదో మీటరు పెట్టి చూసుకోవాలి.

సరే, కొత్త స్టీరియో వైపు రంగులన్నా చెప్పండి.

పసుపు ఎప్పుడూ 12 వోల్టులు రావాల్సింది, గడియారం, సేవ్ చేసిన స్టేషన్లు దీని మీదే బతుకుతాయి, అసలు కరెంటు ఎక్కువగా లాగేది కూడా దీన్నుంచే. ఎరుపు తాళానిది. నలుపు ఎర్త్. నారింజ, లేదా నారింజ మీద తెల్లగీత, హెడ్‌లైట్లు వేసినప్పుడు స్టీరియో వెలుతురు తగ్గించడానికి. నీలం యాంటెన్నాకి, నీలం మీద తెల్లగీత ఆంప్లిఫయర్‌ని నిద్రలేపడానికి. ఈ రెండూ స్టీరియో నుంచి బయటికి 12 వోల్టులు పంపేవి. వీటికి బయటినుంచి కరెంటు ఇవ్వకూడదు.

స్పీకర్లు నాలుగు జతలు: తెలుపు ముందు ఎడమ, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. గీత లేని వైరు ప్లస్, నల్లగీత ఉన్నది మైనస్. అయినా ఒకసారి స్టీరియో మీద అతికించిన స్టిక్కరు చూసుకోండి, బాగా చౌక సెట్లలో కొన్ని ఈ పద్ధతిని కూడా పట్టించుకోవు.

మొదలుపెట్టే ముందు ఏమేం దగ్గర పెట్టుకోవాలి?

ఒక మల్టీమీటర్, ఒక చిన్న బల్బున్న టెస్ట్ ల్యాంప్, కాగితం టేపు, పెన్ను, ఒక 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు. ఫోను ఎలాగూ ఉంటుంది. ప్లగ్గు తీసేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయండి, వెలుతురులో, రంగు గీతలు కనపడేలా. చీకట్లో ఫ్లాష్ వేసి తీస్తే గులాబి, లేత ఊదా ఒకేలా పడతాయి, తర్వాత జుట్టు పీక్కోవాల్సి వస్తుంది.

పాత సెట్టు ఇంకా పనిచేస్తుంటే పది నిమిషాలు దానితో గడపండి. నాలుగు స్పీకర్లూ పలుకుతున్నాయా, లైట్లు వేస్తే డిస్‌ప్లే మసకబారుతోందా, తాళం తీసిన వెంటనే ఆగుతోందా, తలుపు తెరిస్తే ఆగుతోందా, స్టీరింగ్ మీద బటన్లు ఏమేం చేస్తున్నాయి, ఇవన్నీ రాసుకోండి. ముందే మూగబోయిన స్పీకర్ ఒకటుంటే కొత్తది పెట్టాక దాని కోసం వైర్లన్నీ వెతుక్కునే బాధ తప్పుతుంది.

సెట్టు బయటికి లాగేటప్పుడు, వైర్లు కలిపేటప్పుడు బ్యాటరీ మైనస్ తీసేయండి, కరెంటు కొలిచేటప్పుడు మాత్రం తగిలించండి. కొన్ని పాత కంపెనీ సెట్లు బ్యాటరీ తీస్తే కోడ్ అడుగుతాయి. ఆ సెట్టుని మళ్ళీ పెట్టుకునే అవకాశం ఏమాత్రం ఉన్నా కోడ్ ముందే వెతికిపెట్టుకోండి.

డయాగ్రంలో రంగులకి ఉన్న అక్షరాలు అర్థం కావట్లేదు.

ముందు పాత సెట్టు పైభాగం చూడండి, చాలా సెట్లకి ఏ పిన్ను దేనికో స్టిక్కరు మీదే అచ్చువేసి ఉంటుంది, దాన్ని వదిలేసి నెట్టంతా వెతుకుతారు. డయాగ్రం దొరికితే అక్షరాల్లో మొదటిది వైరు అసలు రంగు, ఏటవాలు గీత తర్వాత వచ్చేది దాని మీదున్న గీత రంగు. జపాన్ కార్ల డయాగ్రాల్లో బి అంటే నలుపు, నీలానికి ఎల్ అని రాస్తారు. అంటే ఎల్/వై అని ఉంటే నీలం వైరు మీద పసుపు గీత. బిఆర్ గోధుమ, ఎల్‌జి లేత ఆకుపచ్చ, వి ఊదా. జర్మన్ డయాగ్రాలైతే ఎస్‌డబ్ల్యు నలుపు, డబ్ల్యుఎస్ తెలుపు, జిఇ పసుపు, జిఎన్ ఆకుపచ్చ, జిఆర్ బూడిద, బిఆర్ గోధుమ, బిఎల్ నీలం. బిఎల్ అని చూడగానే బ్లాక్ అనుకుని నలుపు కోసం వెతికేవాళ్ళు ఉంటారు, అందుకని డయాగ్రం చివర రంగుల పట్టిక ఉందేమో ముందు చూడండి.

జర్మన్ డయాగ్రాల్లో అంకెలు కూడా వస్తాయి, అవి తెలుసుకుంటే చాలా సులువు. 30 అంటే నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, 15 ఇగ్నిషన్, 31 ఎర్త్, 58 పార్కింగ్ లైట్ల లైను.

ఇంకో మోసం ఉంది. పిన్నుల బొమ్మ వైర్లు దూరే వైపు నుంచి గీశారా, ప్లగ్గు మూతి వైపు నుంచి గీశారా అన్నది. రెండూ అద్దంలో చూసినట్టు తారుమారవుతాయి. ప్లగ్గు ప్లాస్టిక్ మీద చాలాసార్లు చీమ తలంత అంకెలు పోసి ఉంటాయి, టార్చి వేసి చూడండి.

మా కారులో ఎనిమిదేసి పిన్నుల ప్లగ్గులు రెండున్నాయి. ఇదేమైనా స్టాండర్డా?

అవును, ఐఎస్ఓ 10487 అంటారు, యూరప్ కార్లలో బాగా వాడారు. ఒక ప్లగ్గు కరెంటుకి, ఇంకోటి స్పీకర్లకి. కరెంటు ప్లగ్గులో 4వ పిన్ను ఎప్పుడూ 12 వోల్టులు, 5 యాంటెన్నా, 6 డాష్‌బోర్డు లైటు, 7 తాళం, 8 ఎర్త్. స్పీకర్ ప్లగ్గులో 1, 2 వెనక కుడి, 3, 4 ముందు కుడి, 5, 6 ముందు ఎడమ, 7, 8 వెనక ఎడమ, ప్రతి జతలో బేసి అంకె ప్లస్.

స్టాండర్డ్ అన్నాను కదా అని కళ్ళు మూసుకుని గుచ్చేయకండి. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి. చాలా స్టీరియోల పసుపు, ఎరుపు వైర్ల మధ్యలో ఊడదీసి మార్చి గుచ్చుకునే చిన్న జాయింట్లు ఉండేది ఇందుకే. అవెందుకున్నాయో తెలియక వాటి మీద టేపు చుట్టేసేవాళ్ళని చూశాను.

ఎప్పుడూ కరెంటు ఉండే వైరు, తాళం వైరు ఎలా వేరుచేయాలి?

మీటరుని డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల ప్రోబ్‌ని కారు బాడీలో రంగు లేని ఇనుముకి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో ఒక్కో పిన్ను ముట్టుకుంటూ రండి. వైరు తొక్కని సూదితో గుచ్చకండి, తేమ పట్టి లోపల తుప్పు చేరుతుంది. ప్లగ్గు వెనక వైరు దూరే సందులోంచి సన్నని మొనతో పిన్నుని అందుకోవచ్చు.

మొదటి చుట్టు తాళం పూర్తిగా తీసేసి. ఇప్పుడు 12 పైన, బ్యాటరీ బాగుంటే 12.6 దాకా చూపించేది ఎప్పుడూ ఉండే వైరు. రెండో చుట్టు తాళం ఒక మెట్టు తిప్పి. బటన్ స్టార్ట్ కారైతే బ్రేకు తొక్కకుండా బటన్ ఒకసారి నొక్కితే మామూలుగా ఆ మెట్టు వస్తుంది. ఇప్పుడు కొత్తగా 12 చూపించింది తాళం వైరు. ఒక్క మెట్టులో రాకుండా రెండో మెట్టులో మాత్రమే వస్తే అది ఇగ్నిషన్ లైను. దాన్నీ వాడుకోవచ్చు, కాకపోతే పాటలు వినాలంటే ఇగ్నిషన్ మొత్తం ఆన్ చేసి కూర్చోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేస్తున్న ఆ ఒకటి రెండు సెకన్లు తాళం వైరులో కరెంటు పోవడం మామూలే, భయపడకండి.

ఇక్కడ ఓపిక కావాలి. ఈమధ్య కార్లలో తాళం తీసినా తలుపు తెరిచేదాకా, కొన్నిట్లో తలుపులు లాక్ చేసి కొంతసేపయ్యేదాకా ఈ లైన్లు చావవు. మీరు తలుపు మూసుకుని లోపలే కూర్చుని చూస్తే తాళం వైరు కూడా ఎప్పుడూ ఉండేదిలాగే కనిపిస్తుంది. తలుపు తెరిచి, మూసి, లాక్ చేసి, ఒక అరగంట ఆగి మళ్ళీ కొలవండి. తలుపు తెరిస్తే కారు మళ్ళీ మేలుకుంటుంది కాబట్టి మీటరు తీగలు కిటికీలోంచి బయటికి లాగి పెట్టుకుంటే నయం.

మీటరు 12 చూపిస్తోంది, స్టీరియో మాత్రం ఆన్ అవట్లేదు. మీటరు అబద్ధం చెప్తుందా?

చెప్తుంది, కొన్నిసార్లు. మీటరు దాదాపు ఏమీ లాగదు కాబట్టి, లోపల ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా దానికి 12 చూపిస్తుంది. స్టీరియో నాలుగు ఆంపియర్లు లాగేసరికి ఆ పోగు చేతులెత్తేస్తుంది. ఇక్కడే టెస్ట్ ల్యాంప్ పనికొచ్చేది. బల్బు నిండుగా వెలిగితే వైరు నిజమైనది. గుడ్డిగా వెలిగినా అసలు వెలగకపోయినా అది సిగ్నల్ వైరు కావచ్చు, తుప్పు పట్టిన జాయింటు కావచ్చు.

కాకపోతే టెస్ట్ ల్యాంప్‌ని తెలియని ప్రతి వైరుకీ పెట్టకండి. ముందు మీటరు, అది 12 అన్నచోట మాత్రమే ల్యాంప్. కంప్యూటర్ డేటా వైర్లకి, స్పీకర్ వైర్లకి, ముఖ్యంగా ఎయిర్‌బ్యాగ్ వైర్లకి బల్బు పెట్టే పనే లేదు.

పసుపు కనెక్టర్లు ఉన్నాయి, అవి కూడా స్టీరియోవేనా?

కాదు. పసుపు కనెక్టరు, పసుపు గొట్టంలో వెళ్ళే వైర్లు చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్‌వి. మీటరు కూడా పెట్టకండి. ఓమ్స్ మోడ్‌లో, అంటే రెసిస్టెన్స్ కొలిచేటప్పుడు, మీటరే చిన్న కరెంటు పంపుతుంది. చేతులు దూరం.

ఎర్త్ వైరు గుర్తుపట్టడం సులువే కదా?

సులువే, కానీ ఒక చోట బోల్తా కొట్టిస్తుంది. బ్యాటరీ మైనస్ తీసి, మీటరుని బీప్ మోడ్‌లో పెట్టి, బాడీకీ వైరుకీ మధ్య చూస్తే బీప్ వచ్చేది ఎర్త్. అయితే డాష్‌బోర్డు లైట్ల వైరు కూడా, లైట్లు ఆర్పి ఉన్నప్పుడు, ఆ చిన్న బల్బులన్నిటి గుండా ఎర్త్‌కి చేరుతుంది, మీటరు కొద్ది ఓములే చూపించి బీప్ కూడా కొట్టొచ్చు. అందుకని బ్యాటరీ తగిలించి, పార్కింగ్ లైట్లు వేసి, అదే వైరు మీద వోల్టేజీ చూడండి. 12 కనిపిస్తే అది ఎర్త్ కాదు, ఎర్త్ అనుకుని కలిపి ఉంటే లైట్ల ఫ్యూజు ఎగిరేది.

కంపెనీ ఎర్త్ సన్నగా ఉందనిపిస్తే డాష్‌బోర్డు వెనక ఇనుప పట్టీకి వేరే వైరు బిగించుకోవచ్చు, రంగు గీకి, బోల్టు బిగువుగా. స్టీరియో గట్టిగా పాడుతున్నప్పుడు ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య 0.2 వోల్టుల కన్నా ఎక్కువ కనిపిస్తే ఆ ఎర్త్ బాగాలేనట్టే.

డాష్‌బోర్డు లైటు వైరు ఏది?

పార్కింగ్ లైట్లు వేస్తే కరెంటు వచ్చి, ఆర్పితే పోయేది. డాష్‌బోర్డు వెలుతురు తగ్గించే చక్రం తిప్పితే వోల్టేజీ కూడా తగ్గుతుంటే అది మసకబార్చే లైను. దానికి కొత్త స్టీరియో నారింజ వైరు కలిపితే కొన్ని సెట్ల స్క్రీను మినుకుమినుకుమంటుంది, అప్పుడు దాన్ని వదిలేసి సెట్టింగ్స్‌లో సమయాన్ని బట్టి మసకబారేలా పెట్టుకోండి. నారింజ వైరు కలపకపోయినా స్టీరియో పాడుతుంది, ప్రాణం మీదికి వచ్చేదేం లేదు.

స్పీకర్ వైర్లు ఎనిమిదున్నాయి. ఏ జత ఏ తలుపుది, ఏది ప్లస్?

అసలు పని ఇదే, దీనికే ఎక్కువ సమయం పెట్టండి. ప్లగ్గు పాత సెట్టు నుంచి తీసేసి ఉండాలి, బ్యాటరీ మైనస్ కూడా తీసేయండి. కరెంటు, ఎర్త్, లైటు వైర్లని ముందే గుర్తుపట్టి టేపు మీద పేరు రాసి పక్కకి తప్పించి ఉంటే మిగిలినవాటిలో జతలు తేలిగ్గా దొరుకుతాయి. కొన్ని కార్లలో జతలు ఒకదాన్నొకటి మెలిపెట్టుకునే వస్తాయి, లేకపోతే ప్లగ్గులో పక్కపక్కనో పైకిందో ఉంటాయి.

ఓమ్స్ మోడ్‌లో రెండు వైర్ల మధ్య 3 నుంచి 4 లోపు చూపిస్తే అది మామూలు 4 ఓముల స్పీకర్ జత. మీటరులో 4 కన్నా కొంచెం తక్కువే పడుతుంది, స్పీకర్ పాడైందనుకోకండి. ఆ జతలో ఏ వైరుకీ కారు బాడీతో లంకె ఉండకూడదు. ఉందంటే వైరు ఎక్కడో నలిగి ఇనుముకి తగులుతోంది, చాలావరకు తలుపు మడత దగ్గరుండే రబ్బరు గొట్టంలో. రెండు వైర్ల మధ్యా ఏమీ చూపించకపోతే స్పీకర్ కాలిపోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, లేదా అక్కడ ట్వీటర్, అంటే సన్నని శబ్దాలకుండే చిన్న స్పీకర్, ఒక్కటే ఉండి దాని ముందున్న కెపాసిటర్ మీటరుని ఆపుతుండొచ్చు.

జత దొరికాక ఏ తలుపుదో తెలుసుకోవడానికి పెన్సిల్ సెల్లు. రెండు వైర్లనీ సెల్లు రెండు కొనలకి ఇలా ముట్టించి అలా తీసేయండి, ఒక స్పీకర్ టక్‌మంటుంది. ఒక మనిషిని వెనక సీట్లో కూర్చోబెడితే పని తొందరగా అవుతుంది, పిల్లలైతే ఇంకా సరదాగా చేస్తారు. ఎక్కువసేపు ఆనించి ఉంచకండి. 9 వోల్టుల బ్యాటరీ అసలొద్దు, చిన్న స్పీకర్లకి అది ఎక్కువ.

ప్లస్ మైనస్ కూడా ఇదే సెల్లుతో తేలుతుంది. ముట్టించినప్పుడు స్పీకర్ అట్ట బయటికి ఉబికితే సెల్లు ప్లస్ ఏ వైరుకి ఉందో అదే స్పీకర్ ప్లస్. లోపలికి పోతే తారుమారు. జాలీ అడ్డం వచ్చి అట్ట కనపడకపోతే టార్చి పక్క నుంచి వేసి చూడండి, లేదా కొత్త సెట్టు పెట్టాక చెవితో తేల్చుకోండి: వెనకవి ఆపేసి, ముందు రెండూ సమానంగా పెట్టి, ఒక మనిషి గొంతు వినండి. ఒక స్పీకర్ వైర్లు మార్చి కలిపి మళ్ళీ వినండి. గొంతు డాష్‌బోర్డు మధ్యలోంచి వస్తూ బేస్ నిండుగా ఉన్నది సరైన కలయిక. గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియకుండా బోలుగా ఉంటే ఒకటి తిరగబడినట్టు. నాలుగూ ఒకే తీరున ఉండటమే ముఖ్యం, నాలుగూ కలిసి తిరగబడ్డా మీ చెవికి పెద్దగా తేడా తెలియదు.

స్పీకర్ మైనస్‌లన్నీ కలిపి బాడీకి బిగించేస్తే వైర్లు తగ్గుతాయి కదా?

అలా చేసి నేనొక కొత్త సెట్టుని చంపాను. బాగా పాత కారు, దాన్లో స్పీకర్ల మైనస్ నిజంగానే బాడీకి ఉండేది, పాత సెట్టు అలాగే ఏళ్ళ తరబడి పాడింది, నేనూ కొత్తదాన్ని అలాగే కలిపాను. రెండు పాటలు కూడా పూర్తవలేదు, కాలిన వాసన.

కారణం ఏమిటంటే, ఇప్పటి స్టీరియోలు స్పీకర్ రెండు వైర్లనీ నడిపిస్తాయి. మైనస్ అని పేరే గానీ దానిలోనూ ఎర్త్‌తో పోలిస్తే ఆరేడు వోల్టులు ఉంటాయి, బ్యాటరీ వోల్టేజీలో దాదాపు సగం. రెండు వైర్లలోనూ అంతే ఉంటుంది కాబట్టి స్పీకర్‌కి ఏమీ కాదు, కానీ ఒకదాన్ని తీసుకెళ్ళి బాడీకి కలిపితే లోపలి చిప్పు షార్ట్ అవుతుంది. కొన్ని సెట్లు ప్రొటెక్ట్ అని చూపించి ఆగిపోతాయి, కొన్నిటికి ఆ అదృష్టం ఉండదు. 1970లు, 80ల కార్లలో మైనస్‌లు ఉమ్మడిగా కనిపిస్తే వాటిని వాడకుండా ప్రతి స్పీకర్‌కీ రెండేసి కొత్త వైర్లు లాగండి. వేరే దారి లేదు.

కంపెనీ ఆంప్లిఫయర్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పైన చెప్పిన ఆరేడు వోల్టులే ఇక్కడ ఆధారం. పాత సెట్టు పాడుతుండగా స్పీకర్ వైరుకీ బాడీకీ మధ్య డీసీ కొలవండి, మీటరుతో మాత్రమే. రెండు వైర్లలోనూ 6, 7 మధ్య ఉంటే ఆంప్లిఫయర్ సెట్టులోనే ఉంది. దాదాపు సున్నా ఉండి పాట మాత్రం వస్తుంటే ఆంప్లిఫయర్ ఎక్కడో సీటు కిందో డిక్కీలోనో ఉంది, ఈ వైర్లు దానికి వెళ్ళే సన్నని సిగ్నల్ వైర్లు. స్పీకర్ జాలీ మీద బోస్, జేబీఎల్ లాంటి పేర్లుంటే ముందే అనుమానించండి.

అప్పుడు కారు వైపు ఆ ఆంప్లిఫయర్‌ని ఆన్ చేసే వైరు ఒకటుంటుంది, పాత సెట్టు ఆన్ అయితే 12 వచ్చి ఆఫ్ అయితే పోయేది. దానికి కొత్త సెట్టు నీలం తెల్లగీత వైరు కలపాలి. ఇది మర్చిపోతే అంతా సరిగ్గా ఉన్నా చిన్న శబ్దం కూడా రాదు. వెనక రాగి వైర్లకి బదులు వెలుతురు వెళ్ళే ఆప్టికల్ కేబుల్ ఉంటే కథ వేరు. 2001లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలై చాలా ఖరీదైన కార్లు ఈ మోస్ట్ అనే పద్ధతి వాడాయి, దానికి ప్రత్యేకమైన ఇంటర్‌ఫేస్ లేకుండా కొత్త సెట్టు పెట్టలేరు. ఆ కేబుల్‌ని మడవకండి, కత్తిరించనే కత్తిరించకండి.

ఎంత వెతికినా తాళం వైరు దొరకట్లేదు.

ఉండకపోవచ్చు. కొత్త కార్లలో చాలావాటిలో తాళం తిప్పిన సంగతి, లైట్లు వేసిన సంగతి, రివర్స్ గేరు సంగతి అన్నీ క్యాన్ బస్ అనే రెండు మెలిపెట్టిన వైర్ల మీద మెసేజ్‌లుగా స్టీరియోకి అందుతాయి. ఆ రెండు వైర్లలోనూ మీటరు 2.5 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తే, ఒకటి కొంచెం పైన, ఒకటి కొంచెం కింద, అవే అనుకోండి. వాటిని కోయకండి, కొత్త సెట్టుకి నేరుగా కలపకండి. ఆ మెసేజ్‌లు చదివి 12 వోల్టుల తాళం వైరుగా మార్చి ఇచ్చే క్యాన్ అడాప్టర్లు మీ మోడల్‌కి తగ్గవి దొరుకుతాయి. లేదూ అంటే ఫ్యూజు బాక్సులో తాళంతో వచ్చే ఫ్యూజు నుంచి, దానికి విడిగా ఫ్యూజు పెట్టుకుని, వైరు తెచ్చుకోవచ్చు.

స్టీరింగ్ బటన్లకి వైరు?

చాలా కార్లలో ఇది ఒకటో రెండో వైర్లు, ఒక్కో బటన్ నొక్కితే ఒక్కో రెసిస్టెన్స్. ప్లగ్గు తీసి, ఓమ్స్ మోడ్‌లో ఆ వైరుకీ ఎర్త్‌కీ మధ్య పెట్టి, ఒకళ్ళని బటన్లు నొక్కమనండి. అంకె ప్రతి బటన్‌కీ మారితే దొరికినట్టే. కొన్ని కార్లలో ఎర్త్‌కి బదులు విడిగా ఒక తిరుగు వైరు ఉంటుంది, బాడీతో ఏమీ రాకపోతే దానితో చూడండి. ఇవి కూడా క్యాన్ మీదే వస్తే మళ్ళీ అడాప్టరే.

కొత్త సెట్టులో లేత ఆకుపచ్చ, గులాబి, ఊదా తెల్లగీత వైర్లు మిగిలిపోయాయి.

లేత ఆకుపచ్చ హ్యాండ్ బ్రేక్‌కి, వీడియో బండి ఆగి ఉన్నప్పుడే రావడానికి. ఊదా తెల్లగీత రివర్స్ లైటుకి, కెమెరా తెర మీదికి రావడానికి. గులాబి వేగం సిగ్నల్‌కి, నావిగేషన్ ఉన్న సెట్లలో. మీకు కెమెరా లేకపోతే రెండోదాన్ని కొన మూసి వదిలేయండి. మూసి అన్నాను, ఉట్టి రాగి బయటికి కనపడేలా కాదు.

ముందు ఓనరు ప్లగ్గే కత్తిరించేశాడు. ఇప్పుడేంటి దారి?

ఇది చాలామంది గతి. పద్ధతి అదే, వరస మాత్రం ముఖ్యం: బ్యాటరీ తీసి, వైర్ల కొనలు ఒకదానికొకటి తగలకుండా విడదీసి ఒక్కోదానికి టేపు చుట్టండి, తర్వాత బ్యాటరీ పెట్టి ముందు కరెంటు వైర్లు, తర్వాత లైటు, బ్యాటరీ తీసి ఎర్త్, చివర్లో స్పీకర్ జతలు. ఏ ఊహకీ లొంగని వైరు ఒకటి రెండు మిగిలితే వదిలేయండి, అవి యాంటెన్నాకో డేటాకో అయి ఉంటాయి. సెట్టు వాటి అవసరం లేకుండానే పాడుతుంది. తెలియని వైరుకి 12 వోల్టులు ఇచ్చి ఏమవుతుందో చూద్దాం అనే ఆలోచన మాత్రం వద్దు.

మోడల్‌కి తగ్గ అడాప్టర్ వైరు కొంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఉండదు, దొరికితే అదే కొనండి, కంపెనీ ప్లగ్గు కత్తిరించే పని తప్పుతుంది, కారు అమ్మేటప్పుడు పాత సెట్టు పెట్టేయొచ్చు. అయినా గుచ్చే ముందు పసుపు, ఎరుపు, ఎర్త్ మూడూ మీటరుతో చూసుకోండి, రెండు నిమిషాల పని. ఒకే మోడల్‌లో ఆంప్లిఫయర్ ఉన్నదీ లేనిదీ రెండుంటే వాటి అడాప్టర్లు వేరు కావచ్చు.

వైర్లు మెలిపెట్టి టేపు చుడితే చాలదా?

చాలదు. ఎండకి డాష్‌బోర్డు వెనక వేడెక్కి టేపు జిగురు కారిపోతుంది, ఆర్నెల్లకి ఉట్టి వైర్లు మిగులుతాయి. క్రింప్ చేయండి, అంటే లోహపు గొట్టంలో వైర్లు దూర్చి నొక్కేయండి, లేదా సోల్డర్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం తొడగండి.

పెట్టేశాను. ఎఫ్ఎం మాత్రం సరిగ్గా పట్టట్లేదు.

చాలా కార్లలో యాంటెన్నా అడుగున చిన్న బూస్టరు ఉంటుంది, దానికి నీలం వైరు నుంచి 12 వోల్టులు అందాలి. విడిగా వైరు కనపడకపోతే ఆ కరెంటు యాంటెన్నా కేబుల్ లోంచే వెళ్ళే రకం, దానికి నీలం వైరు తగిలించుకునే యాంటెన్నా అడాప్టర్ ఉంటుంది.

తాళం తీసిన ప్రతిసారీ సెట్టింగ్స్ పోతున్నాయి. ఇంకో కారులోనేమో బ్యాటరీ పొద్దున్నకి దిగిపోతోంది.

మొదటిది పసుపు, ఎరుపు తారుమారయ్యాయి, లేదా రెండూ తాళం వైరుకే కలిశాయి. రెండోది రెండూ ఎప్పుడూ కరెంటు ఉండే వైరుకి కలిసి ఉంటాయి, లేదా ఆంప్లిఫయర్ ఆన్ వైరుని పసుపుకి ముడేసి ఉంటారు. ఊహించడం ఎందుకు, కొలవొచ్చు. మీటరుని 10 ఆంపియర్ల సాకెట్‌లోకి మార్చి, బ్యాటరీ మైనస్‌కీ దాని కేబుల్‌కీ మధ్య పెట్టి, కారు లాక్ చేసి అది నిద్రపోయేదాకా ఆగండి. అలా పెట్టి ఉండగా ఇంజిన్ స్టార్ట్ చేయకండి, మీటరు ఫ్యూజు పోతుంది. మామూలుగా 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. అంతకన్నా బాగా ఎక్కువుంటే స్టీరియో ఫ్యూజు తీయండి. అంకె ఒక్కసారిగా పడిపోతే దొంగ స్టీరియో దగ్గరే ఉన్నాడు, పడకపోతే ఫ్యూజు మళ్ళీ పెట్టి తర్వాతి ఫ్యూజు తీసి చూడండి.